కొండదారికి తగిన సైకిలు: పళ్ళ లెక్కే అసలు లెక్క

మన సంస్థలో ఒక చిన్న క్రేను కొనవలసి వచ్చినా, ముందు అది చేయవలసిన పని ఏమిటో కాగితం మీద పెట్టుకుంటాము. ఎంత బరువు ఎత్తాలి, ఎంత ఎత్తుకు ఎత్తాలి, రోజుకు ఎన్ని గంటలు నడవాలి అన్న వివరాలు తేలిన తరువాతే టెండర్లు పిలుస్తాము. అదే మన సొంత డబ్బుతో ఒక వస్తువు కొనేటప్పుడు మాత్రం ఆ క్రమశిక్షణ ఎక్కడికి పోతుందో తెలియదు. రంగు చూస్తాము, అంగడివాడి మాట వింటాము, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటాము. యంత్రాల మధ్యనే ఇరవై మూడేళ్ళు గడిపిన నేను కూడా ఒక సైకిలు విషయంలో సరిగ్గా ఈ పొరపాటే చేశాను. ఆ అనుభవం మరొకరికి ఉపయోగపడుతుందన్న ఆశతోనే ఈ వ్యాసం.

కథ వార్షిక వైద్య పరీక్షతో మొదలయింది. నలభై ఏడో ఏట రక్తంలో చక్కెర హద్దు మీదికి వచ్చి నిలిచింది. "మందు ఇప్పుడే వద్దు, ఆరు నెలలు ఒళ్ళు వంచి చూడండి" అన్నారు డాక్టరుగారు. విశాఖపట్నంలో ఉండే మాకు ఒళ్ళు వంచడానికి కొండలకు కొదవ లేదు. మా టౌన్‌షిప్ నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున కొందరు సహోద్యోగులు సైకిళ్ళ మీద సింహాచలం కొండ ఎక్కి వస్తుంటారు. వారితో కలవాలన్న ఉత్సాహంతో ఇరవై ఆరు వేల రూపాయలు పెట్టి, వంపు హ్యాండిలు ఉన్న రోడ్డు సైకిలు ఒకటి కొన్నాను. "పద్నాలుగు గేర్లండీ, ఏ కొండైనా ఎక్కేస్తుంది" అన్నాడు అంగడి అబ్బాయి. పద్నాలుగు అన్న అంకె విన్న తరువాత ఇంకేమీ అడగాలనిపించలేదు.

మొదటి ఆదివారమే ఆ అంకె విలువ తెలిసింది. రెండో మలుపు దాటేసరికి గేర్లన్నీ అయిపోయాయి. పెడల్ మీద నిలబడి తొక్కాను. మోకాలి చిప్ప వెనుక సూది గుచ్చినట్లయింది. మూడో మలుపు దగ్గర దిగి, ఇరవై ఆరు వేల సైకిలును చేత్తో నెట్టుకుంటూ నడిచాను. సర్వీసు నుంచి రిటైరై నాలుగేళ్ళయిన ఒక పెద్దాయన నా పక్కనుంచే, సీటు మీద నుంచి లేవకుండా, తొందరేమీ లేకుండా తొక్కుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన సైకిలు నాదానికంటె పాతది, బరువైనది కూడా. పైన నేను చేరేదాకా కాచుకుని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఏమండీ, మీ సైకిలుకు ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనుక పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు?"

నాకు తెలియదు. అదే నా తప్పు.

మెట్లదారి, ఘాట్ రోడ్డు

సింహాచలం గుడికి చేరడానికి మెట్లదారి ఉంది, బస్సులు వెళ్ళే ఘాట్ రోడ్డూ ఉంది. రెండూ ఒకే ఎత్తుకు చేరుస్తాయి. మెట్లదారి దగ్గర, కాని ప్రతి అడుగూ బరువు. ఘాట్ రోడ్డు దూరం, కాని ఏ అడుగూ అంత బరువు కాదు. ఎక్కే మనిషి చేసే మొత్తం పని మాత్రం దాదాపు ఒక్కటే. ఆ పనిని కొద్ది అడుగుల్లో పంచుకోవాలా, ఎక్కువ అడుగుల్లో పంచుకోవాలా అన్నదే తేడా.

సైకిలు గేరు చేసే పని ఇంతే. అది మన బలాన్ని పెంచదు, కొండ ఎత్తును తగ్గించదు. మోయలేని బరువును మోయగలిగిన చిన్న వాటాలుగా విడగొట్టి కాళ్ళకు అందిస్తుంది. అందుకే కొండదారికి సైకిలు ఎంచుకొనేవారు "ఎన్ని గేర్లున్నాయి?" అని అడగడం కాదు, "అన్నిటికంటె తేలికైన గేరు ఎంత తేలిక?" అని అడగాలి.

ఆ తేలికను కొలవడానికి గణితశాస్త్రం అక్కర్లేదు. పెడల్ దగ్గరి చక్రాలలో చిన్నదాని పళ్ళను, వెనుక చక్రం మీది పళ్ళ బిళ్ళలలో పెద్దదాని పళ్ళతో భాగించాలి. ముందు 34, వెనుక 34 ఉంటే నిష్పత్తి 1. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం కూడా ఒక చుట్టే తిరుగుతుంది. ఆ సాయంత్రం మా అమ్మాయి సుద్దముక్కతో ఒక పన్నుకు గుర్తు పెట్టి నా సైకిలు పళ్ళు లెక్కించింది. ముందు 52, 42. వెనుక 14 నుంచి 28. చిన్న గేరు 42ను 28తో భాగిస్తే ఒకటిన్నర. "నాన్నా, నీ సైకిలుకు పద్నాలుగు గేర్లున్నాయి గాని, కొండకు పనికొచ్చేది ఒక్కటీ లేదు" అని తేల్చింది.

మన తండ్రుల కాలపు నల్ల సైకిలుకు సాధారణంగా ముందు 44 లేదా 48, వెనుక 18 నుంచి 22 దాకా పళ్ళుండేవి. దాని నిష్పత్తి రెండు నుంచి దాదాపు 2.7 దాకా. చదును నేల మీద బియ్యం బస్తాతో సహా నడిచే ఆ సైకిలును కొండ కింద ఎందుకు దిగి నెట్టేవారో ఈ లెక్కతో తెలుస్తుంది.

లెక్క కట్టి చూద్దాము

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం, మూడు వేల మీటర్ల లోపు ఎత్తులో ఉండే నిటారు కొండ ప్రాంతాల రోడ్లకు సాధారణంగా పాటించవలసిన వాలు 6 శాతం, పరిమితి 7 శాతం. తప్పనిసరి పరిస్థితిలో కొద్ది దూరానికి 8 శాతం వరకు అనుమతిస్తారు. పాతకాలపు చిన్న కొండ రోడ్లలో అంతకంటె నిటారైన ముక్కలూ తగులుతాయి. మన లెక్కకు 7 శాతం తీసుకుందాము. అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లు పైకి.

మనిషి, సైకిలు, నీళ్ళ సీసా కలిపి 80 కిలోలనుకుందాము. ఈ వాలు మీద వెనక్కు లాగే బరువూ, టైరు రాపిడీ కలిపి దాదాపు 59 న్యూటన్ల బలం అవుతుంది. రోడ్డు సైకిలు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు నడుస్తుంది. సెకనుకు ఒక చుట్టు, అంటే నిమిషానికి అరవై చుట్లు పెడల్ తొక్కుతామనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

నిష్పత్తి 1.5 (42/28): గంటకు 11 కిలోమీటర్ల పైచిలుకు వేగం, కాళ్ళు ఇవ్వవలసిన శక్తి సుమారు 185 వాట్లు.

నిష్పత్తి 1.24 (42/34): గంటకు 9 కిలోమీటర్లు దాటి, సుమారు 155 వాట్లు.

నిష్పత్తి 1 (34/34): గంటకు ఏడున్నర కిలోమీటర్లు, సుమారు 125 వాట్లు.

క్రమంగా వ్యాయామం చేసే అలవాటు లేని నడివయస్కుడు అరగంట పాటు నిలకడగా ఇవ్వగలిగేది సాధారణంగా 100 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది. నా సైకిలు 185 అడుగుతున్నది. నేను ఇవ్వగలిగినది దానికంటె చాలా తక్కువ. మూడో మలుపు దగ్గర దిగిపోవడం నా సంకల్ప లోపం కాదు, ఇంజనీరింగు లోపం.

"నెమ్మదిగా తొక్కితే సరిపోదా?" అని పాఠకులు అడగవచ్చు. నెమ్మదిగా తొక్కితే శక్తి తగ్గుతుంది గాని, పెడల్ మీద వేయవలసిన బలం తగ్గదు. పై వాలు మీద 1.5 నిష్పత్తితో పెడల్ మీద సగటున 18 కిలోల బరువు వేయాలి. 1 నిష్పత్తితో అది 12 కిలోలు. ఇది చుట్టు మొత్తానికి సగటు మాత్రమే. పెడల్ ముందుకు వచ్చిన క్షణంలో బలం దాదాపు రెట్టింపు అవుతుంది. అయిదు కిలోమీటర్ల ఎక్కుడులో ఒకటిన్నర నిష్పత్తితో సుమారు పదహారు వందల చుట్లు తొక్కాలి. ఆ పదహారు వందల సార్లూ ఈ అదనపు బరువు మోసేది మోకాళ్ళే. తేలిక గేరులో చుట్లు రెండు వేల నాలుగు వందలవుతాయి. సమయం పన్నెండు పదమూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ నిమిషాలే మోకాళ్ళకు మనం కట్టే బీమా.

నలభై అయిదు దాటినవారికేనా?

తేలిక గేరు వాడడం చిన్నతనమని భావించేవారు మన క్లబ్బుల్లోనే కాదు, సైకిలు పుట్టిన దేశాలలోనూ ఉండేవారు. ఫ్రాన్స్‌లోని సాంతెతియెన్ నగరంలో పోల్ ద వివీ అనే సైకిలు ప్రేమికుడు 'వెలోసియో' అన్న కలం పేరుతో పత్రిక నడుపుతూ, కొండ ప్రాంతాలకు గేర్లు తప్పనిసరి అని జీవితాంతం వాదించాడు. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్ నిర్వహించిన కొండదారి పరీక్షలో మార్త్ హెస్ అనే మహిళ మూడు గేర్ల సైకిలు తొక్కి, గేర్లు లేని సైకిలు మీద వచ్చిన పేరున్న పందెగాడిని వెనుక వేసింది. అయినా, మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ మనసు మారలేదు. గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవారికేనని ఆయన రాశాడు. 1910లో పందెం పిరనీస్ పర్వతాలలోని రెండు వేల మీటర్లు దాటిన టూర్మాలే కనుమ మీదికి వెళ్ళినప్పుడు కూడా పందెగాళ్ళకు గొలుసు మార్చే గేర్లు లేవు. వెనుక చక్రానికి రెండు వైపులా రెండు పళ్ళ బిళ్ళలు బిగించుకుని, కొండ కింద దిగి చక్రాన్ని విప్పి తిప్పి బిగించుకునేవారు. ఆ పందెంలో అందరికీ గేర్ల అనుమతి వచ్చింది 1937లో.

ఈ రోజున ప్రపంచంలోని గొప్ప పందెగాళ్ళే ఆల్ప్స్ పర్వతాలెక్కేటప్పుడు తేలిక గేర్లు వాడుతున్నారు. అటువంటప్పుడు నలభై అయిదు దాటి, షిఫ్టు డ్యూటీలు చేసి, ఆదివారం మాత్రమే కొండ చూసే మనకు మొహమాటమెందుకు?

కొనేటప్పుడు చూడవలసినవి

ఒకటి: నిష్పత్తి ఒకటి గాని, అంతకంటె తక్కువ గాని ఉండాలి. రోడ్డు సైకిళ్ళలో ముందు 50, 34 పళ్ళ జతను 'కాంపాక్ట్' అంటారు. దానికి వెనుక 11 నుంచి 34 దాకా ఉన్న బిళ్ళల గుత్తి జతపడితే కొండకు సరిపోతుంది. 11–32 అయినా కొంత సాధనతో పనికివస్తుంది. 11–28 మాత్రమే ఉంటే, దానిని మార్చి పెద్దది వేయడానికి వీలుందా అని అడగాలి. ముందు 52, 42 గాని, 53, 39 గాని ఉంటే అవి చదును నేలకు, బలిష్ఠులైన కుర్రవాళ్ళకు ఉద్దేశించినవని గ్రహించాలి. ముందు మూడు చక్రాలు ఉండే పాత పద్ధతిని కొందరు చిన్నచూపు చూస్తారు గాని, 50, 39, 30 పళ్ళ మూడు చక్రాల సైకిలు తక్కువ ధరకు దొరికితే కొండకు అది మంచి నేస్తం.

రెండు: గొలుసును ఒక బిళ్ళ మీద నుంచి మరొక బిళ్ళ మీదికి తప్పించే వెనుక పరికరాన్ని 'డిరైలర్' అంటారు. దానికి వేలాడే చట్రం పొట్టిగా ఉంటే పెద్ద బిళ్ళను అందుకోలేదు, సడలిన గొలుసును లాగి పట్టలేదు. అది ఎంత పళ్ళ తేడాను భరించగలదో తయారీదారు పత్రంలో ఉంటుంది. లెక్క సులభం. ముందు 50 నుంచి 34 తీసేస్తే 16, వెనుక 34 నుంచి 11 తీసేస్తే 23, మొత్తం 39. పరికరం సామర్థ్యం అంతకు తగ్గకూడదు. అతిపెద్ద బిళ్ళ 34 పళ్ళదయితే ఆ అంకెకూ అనుమతి ఉండాలి.

మూడు: వెనుక చక్రపు ఇరుసు. చవక సైకిళ్ళలో బిళ్ళల గుత్తి మొత్తం మరలాగ హబ్బుకు బిగుసుకునే 'ఫ్రీవీలు' పద్ధతిలో ఉంటుంది. కొంచెం ధర పెరిగితే, గాళ్ళలోకి జారి కూర్చునే 'కాసెట్' పద్ధతి వస్తుంది. మొదటి పద్ధతిలో కుడివైపు బేరింగు చట్రానికి దూరంగా, లోపలికి ఉండిపోతుంది. బరువైనవారు గతుకుల రోడ్డు మీద తొక్కితే ఇరుసు వంగే ప్రమాదం ఎక్కువ. రెండో పద్ధతిలో బేరింగు చట్రం దగ్గరికి వస్తుంది. తరువాత వేర్వేరు పళ్ళ గుత్తులు మార్చుకునే వెసులుబాటు కూడా ఇందులోనే ఎక్కువ. అందుచేత బడ్జెటులో ఎక్కడైనా రెండు మూడు వేలు పెంచదలచుకుంటే ఇక్కడ పెంచడం తెలివి.

నాలుగు: పేర్లకు భ్రమపడవద్దు. జపానుకు చెందిన షిమానో సంస్థ రోడ్డు సైకిలు పరికరాలలో దిగువ నుంచి పైకి టూర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అన్న శ్రేణులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. క్లారిస్‌కు వెనుక 8 బిళ్ళలు, సోరాకు 9, టియాగ్రాకు 10. ఆ సంస్థే 2023లో 'క్యూస్' అన్న కొత్త శ్రేణిని ప్రకటించింది. పేర్లు మారుతుంటాయి, పళ్ళ భాగహారం మారదు. శ్రేణి పెరిగినకొద్దీ బిళ్ళల మధ్య అంతరం తగ్గి గేరు మార్పు మెత్తగా ఉంటుంది. ఆదివారపు ప్రయాణానికి 8 బిళ్ళలు చాలు. వాటి గొలుసు, బిళ్ళలు చవక, చిన్న ఊళ్ళలోనూ దొరుకుతాయి.

అయిదు: తేలిక సైకిలు కోసం అప్పు చేయవద్దు. సైకిలు బరువు ఒక కిలో తగ్గితే, 80 కిలోలలో తగ్గేది ఒకటింపావు శాతం. 125 వాట్లలో అది ఒకటిన్నర వాట్లు. నిష్పత్తి 1.5 నుంచి 1కి మారితే కాళ్ళ మీది బరువు మూడో వంతు తగ్గుతుంది. కార్బన్ చట్రానికి పెట్టే వేల రూపాయలు చేయలేని మేలు, కొన్ని పళ్ళ తేడా చేస్తుంది.

ఆరు: చట్రం కొలత. సైకిలు మీద రెండు కాళ్ళూ చెరొక వైపు వేసి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను కిందనున్న పెడల్ మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. ఆ తరువాత పాదం ముందుభాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే ఎంత మంచి గేరున్నా మోకాళ్ళు బాధిస్తాయి. స్త్రీలు, పిల్లలు తొక్కే సైకిలుకు బ్రేకు పిడి వేళ్ళకు అందుతున్నదో లేదో తప్పక చూడాలి. చాలా పిడులకు దూరం సరిచేసే చిన్న మర ఉంటుంది.

ఏడు: టైర్లు. 23 మిల్లీమీటర్ల సన్నని టైరు మన రోడ్లకు తగదు. 28 పట్టే చట్రం అయినా ఉండాలి, 32 పడితే మరీ మంచిది. వెడల్పు టైరులో గాలి కొంచెం తగ్గించి నడపవచ్చు. కంకర తేలిన మలుపుల్లో పట్టు దొరుకుతుంది, నడుముకు సుఖం.

ఇంతకూ రోడ్డు సైకిలే కావాలా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. వంపు హ్యాండిలు మీద మోజు లేనివారికి, నిటారు హ్యాండిలు ఉన్న 'హైబ్రిడ్' సైకిళ్ళు తక్కువ ధరలో దొరుకుతాయి. వాటిలో ముందు 48, 38, 28, వెనుక 14–28 తరచుగా కనిపించే కూర్పు. 28ని 28తో భాగిస్తే ఒకటే! ఆనాడు నా పక్కనుంచి సాగిపోయిన పెద్దాయనది సరిగ్గా ఇటువంటి సైకిలే.

ఎక్కడం సగమే, దిగడం మిగతా సగం

గేర్ల మోజులో బ్రేకులను మరవకూడదు. 80 కిలోల బరువును 300 మీటర్లు పైకి చేర్చడానికి కాళ్ళు సుమారు 235 కిలోజౌళ్ళ పని చేస్తాయి. దిగేటప్పుడు గాలి, రాపిడి మింగినది పోగా, ఆ శక్తిలో మిగిలినదంతా బ్రేకుల దగ్గర వేడిగా మారవలసిందే. రిమ్మును పట్టే బ్రేకు అయితే, పొడవైన దిగుడులో పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపు దాటగానే వదిలేయడం సరైన పద్ధతి. వానలో తడిసిన రిమ్ము మీద మొదటి రెండు మూడు చుట్ల దాకా బ్రేకు పట్టదు. ఆ దూరాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. బడ్జెటు అనుమతిస్తే డిస్క్ బ్రేకు మేలు. తీగతో లాగే సాధారణ డిస్క్ బ్రేకు అయినా వానాకాలంలో దాని విలువ తెలుస్తుంది.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు వంటి పొడవైన దారికి బయలుదేరేవారు బ్రేకు రబ్బర్లు, తీగలు ముందురోజే చూసుకోవాలి. హెల్మెట్ లేకుండా దిగుడుకు దిగకూడదు. ఇది కర్మాగారంలో మనం రోజూ చదివే భద్రతా నినాదం కంటె భిన్నమేమీ కాదు.

పాత సైకిలు కొనేవారికి

బదిలీ మీద వెళ్ళే సహోద్యోగుల దగ్గర మంచి సైకిళ్ళు సగం ధరకు దొరుకుతుంటాయి. వాటిలో ముందుగా చూడవలసింది గొలుసు. ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు అర అంగుళం. కనుక ఇరవై నాలుగు లంకెల పొడవు కచ్చితంగా పన్నెండు అంగుళాలుండాలి. స్కేలు పెట్టి కొలిస్తే అది ఒక అంగుళంలో పదహారో వంతు దాటి సాగినట్లయితే గొలుసు మార్చక తప్పదు. ఎనిమిదో వంతు సాగిన గొలుసయితే బిళ్ళలను కూడా అరగదీసి ఉంటుంది, ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగాలి. చక్రాన్ని తిప్పి వంకర చూడాలి. రిమ్ము పక్క గోడ లోపలికి గుంట పడి ఉంటే ఆ చక్రం ఆయువు తీరినట్లే. చట్రం అతుకుల దగ్గర రంగు మీద సన్నని గీత కనిపిస్తే, ఎంత చవక అయినా వదిలేయాలి.

తప్పు దిద్దుకున్న విధం

నా సైకిలును మార్చుకుంటారా అని అడిగితే అంగడిలో ఒప్పుకోలేదు. ఒకసారి రోడ్డెక్కిన సైకిలు సగం ధరకు కూడా పోదన్నారు. ఇంట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెలలో కొన్న సైకిలు వసారాలో గోడకు ఆనించి ఉంటే, ఎవరికైనా ఏమనిపిస్తుంది?

పెద్దాయన సలహా మీద ఒక పాత మెకానిక్కు చేత రెండు దశల్లో మార్పులు చేయించాను. మొదట వెనుక 14–28 ఫ్రీవీలు తీయించి 14–34 వేయించాను. అదృష్టవశాత్తు నా డిరైలర్ పొడవు చట్రం ఉన్నది కావడంతో 34 పళ్ళను అందుకున్నది. గొలుసు మాత్రం పొడవైనది కొత్తగా వేయవలసి వచ్చింది. నిష్పత్తి 1.24కి వచ్చింది. ఆ వారం మూడో మలుపు దాటాను గాని, పైదాకా చేరలేదు. తరువాతి నెల ముందు 52, 42 జతను తీయించి 50, 34 వేయించాను. దానికి తగిన పొడవు ఉన్న ఇరుసు కావాలి, ముందు డిరైలర్‌ను కొంచెం కిందికి దించాలి. ఈ పనులు తెలిసిన చేయి చేయాలి. మొత్తం ఆరు వేల రూపాయలయింది. ఆ ఆరు వేలూ, ఇంకొంతా మొదటి రోజునే కలిపి ఉంటే కాసెట్ హబ్బు, 8 బిళ్ళలు ఉన్న సైకిలే వచ్చేది. తెలియనితనానికి కట్టిన రుసుము అది.

మార్పులు చేయించిన తరువాత తొక్కే పద్ధతి కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఎక్కుడు మొదలయ్యాక, కాళ్ళు బిగుసుకున్నాక గేరు మార్చబోతే గొలుసు గరగరమని మొరాయిస్తుంది. వాలు కనిపించగానే, ఇంకా కాళ్ళలో వెసులుబాటు ఉండగానే, తేలిక గేరులోకి రావాలి. మార్చే క్షణంలో పెడల్ మీద బలం సడలించాలి. ముందు పెద్ద చక్రం, వెనుక పెద్ద బిళ్ళ ఒకేసారి వాడి గొలుసును అడ్డంగా లాగకూడదు. చివరి గేరును చివరి మలుపు కోసం దాచుకోగలిగితే మనసుకు ధైర్యం.

ఆ ఆదివారం నేను మూడో మలుపు దాటాను. నాలుగూ అయిదూ దాటాను. సీటు మీద నుంచి లేవలేదు. నా పక్కనుంచి కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు దూసుకుపోయారు, వారిని పోనిచ్చాను. పైకి చేరేసరికి తూర్పున సముద్రం మీద వెలుగు వస్తున్నది. పెద్దాయన అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. ఈసారి ఆయన పళ్ళ సంగతి అడగలేదు, "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. "ఉన్నట్టే తెలియడం లేదండీ" అన్నాను.

ఆరు నెలల తరువాత చేయించుకున్న పరీక్షలో చక్కెర హద్దుకు ఇవతలికి వచ్చింది. ఆ ఘనత సైకిలుది ఎంత, తగ్గించిన అన్నానిది ఎంత అన్నది డాక్టరుగారే చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే. మధ్యలో దిగి నెట్టవలసిన సైకిలు కొన్నాళ్ళకు వసారాలో దుమ్ము పడుతుంది. కూర్చుని ఎక్కగలిగిన సైకిలు ఆదివారం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేలా చేస్తుంది.

కనుక పాఠకులకు విన్నపం. ఈసారి అంగడికి వెళ్ళినప్పుడు జేబులో ఒక సుద్దముక్క వేసుకుని వెళ్ళండి. ముందు చిన్న చక్రం పళ్ళు, వెనుక పెద్ద బిళ్ళ పళ్ళు మీ చేతులతో లెక్కించండి. భాగహారం ఒకటి దాటితే, ఎన్ని గేర్లున్నాయన్నా సరే, నమస్కారం పెట్టి పక్క సైకిలు చూడండి.